బ్యాటరీ ఎండకు చస్తుంది, చలికి బయటపడుతుంది

డిసెంబరు సగం దాటిందంటే మందమర్రి ఆటో ఎలక్ట్రీషియన్లకు టీ తాగే తీరిక ఉండదు. షట్టర్ తీయకముందే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, సెల్ఫ్ తీసుకుంటలేదు." "టక టక అంటంది గని ఇంజిన్ తిరుగుతలేదే." "నిన్న మాపటిదాంక మంచిగనే ఉండె." జబ్బు చెప్పిన నోటితోనే మందు కూడా చెప్పేస్తారు: బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది పట్టుకరా. మధ్యాహ్నానికి నాలుగైదు వేలు చేతులు మారతాయి, బండి కదులుతుంది. కొన్ని బండ్లు అక్కడితో బాగుపడతాయి. మిగతావి సంక్రాంతి లోపే మళ్లీ మొరాయిస్తాయి. కొత్త బ్యాటరీ కూడా ఉత్తదేనని కంపెనీని తిట్టుకుంటారు. అసలు రోగం ఏ ఎర్త్ వైరులోనో, డైనమోలోనో, బండి వారాల తరబడి కదలకపోవడంలోనో అలాగే ఉండిపోతుంది.

తప్పంతా బ్యాటరీదనుకుంటాం, దానికి కారణం చలి అనుకుంటాం. చాలాసార్లు రెండూ నిజం కావు. మన బొగ్గు బెల్టులో బ్యాటరీని చంపేది మే నెల.

పన్నెండు వోల్టుల కారు బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. ఒక్కోటి 2.1 వోల్టులిస్తుంది. ఆరూ వరసగా కలిస్తే ఫుల్ ఛార్జిలో 12.6. ఒక పక్క సీసం పలకలు, ఇంకో పక్క లెడ్ డయాక్సైడ్ పలకలు, నడుమ నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే చేసి చూపిన ఏర్పాటే ఇప్పటికీ మన కార్లను నడిపిస్తోంది. దీనికి వేడి గిట్టదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపల తుప్పు పట్టే వేగం, వాడకపోయినా ఛార్జి తనంతట తానే జారిపోయే వేగం సుమారు రెట్టింపవుతాయి. బయట 45 డిగ్రీలు మండే మధ్యాహ్నం మంచిర్యాల నుంచి వచ్చి ఆపిన బండి బానెట్ కింద 60 దాటడం మామూలే. యాసిడ్‌లోని నీరు ఆవిరవుతుంది. పలకల పై అంచు బయటపడి ఎండిపోతుంది, ఎండిన భాగం మళ్లీ సరిగా పని చేయదు.

అయినా ఎండాకాలంలో ఎవరికీ అనుమానం రాదు. వేడికి ఇంజిన్ ఆయిల్ పలుచగా ఉంటుంది గనుక సగం చచ్చిన బ్యాటరీ కూడా బండిని తిప్పేస్తుంది. దీపావళి దాటి, రాత్రిళ్లు పది డిగ్రీల దగ్గరకు దిగాక ఆయిల్ చిక్కబడుతుంది. ఇంజిన్ తిప్పడానికి కరెంటు ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి మన చలి ఒక లెక్క కాదు. సున్నా డిగ్రీల దగ్గర కూడా అది పోగొట్టుకునేది తన సత్తువలో ఐదో వంతు చుట్టుపక్కలే. మేలో తిన్న దెబ్బ డిసెంబరులో బయటపడుతుంది, అంతే. అందుకే బ్యాటరీ పరీక్ష చేయించాల్సింది తొలకరి పడ్డాక, జూన్ చివర్లో. ఫోను చేయాల్సిన అవసరం వచ్చాక కాదు.

ఈ మాట మందమర్రిలో చెప్పడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. బ్యాటరీని కంటికి రెప్పలా చూసుకున్న ఊరిది. కేకే-5, కాసిపేట, శాంతిఖని, ఆర్కే వంటి సింగరేణి బొగ్గు బాయిల్లోకి దిగిన ప్రతి కార్మికుడూ నడుముకు బ్యాటరీ కట్టుకునే దిగాడు. నాలుగు వోల్టులు, రెండు సెల్లులు, రెండు కిలోలకు పైబడ్డ లెడ్ యాసిడ్ డబ్బా. దాన్నుంచి వీపు మీదుగా టోపీ మీది దీపానికి ఒక కేబుల్. లాంప్ రూంలో ప్రతి దీపానికీ నంబరు ఉండేది. షిఫ్టు అయిపోగానే దీపం ర్యాకు ఎక్కేది, రాత్రంతా ఛార్జింగు. నీళ్లు తగ్గితే పోసేవాళ్లు, వెలుగు మందగిస్తే పక్కకు తీసేవాళ్లు. ర్యాకులో ఒక నంబరు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. యాసిడ్ కారి ప్యాంట్లకు పడ్డ చిల్లులు ఈ కాలనీల్లో ఎందరో ఇల్లాళ్లు కుట్టినవే. ఇప్పుడు లిథియం అయాన్, ఎల్‌ఈడీ దీపాలు వచ్చి నడుము బరువు తగ్గింది. పద్ధతి మాత్రం మారలేదు: దిగేముందు దీపం చూసుకోవాలి.

అదే కార్మికుడి ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టిన కారులో ఉన్నదీ ఆ పాత దీపంలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీయే. కొన్న రోజు నుంచి ఆగిపోయిన రోజు దాకా బానెట్ ఎత్తి దాని ముఖం చూసినవాళ్లు అరుదు. సీల్డ్ బ్యాటరీలు వచ్చాక ఆ కాస్త అలవాటూ పోయింది. తిరుపతి దగ్గర కరకంబాడిలో గల్లా రామచంద్ర నాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ అమరాన్ పేరుతో చేసే బ్యాటరీల్లాంటివి ఇప్పుడు దేశమంతా తిరుగుతున్నాయి. వాటికి నీళ్లు పోసే పని లేదు, నిజమే. అంత మాత్రాన చూసే పని కూడా లేదని కాదు.

సింగరేణి ఇళ్లల్లో కారు చాలావరకు పండుగ బండి. డ్యూటీకి బైకు మీద పోతారు. లాభాల వాటా పడ్డ ఏడాది కొన్న కారు వేములవాడకో కొండగట్టుకో పోయొచ్చి, కవర్ కప్పుకొని నిలబడిపోతుంది. తాళం తీసేసినా బండి పూర్తిగా నిద్రపోదు. సెంట్రల్ లాకింగ్, గడియారం, కంప్యూటర్ జ్ఞాపకశక్తి కోసం కొద్ది కరెంటు పారుతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్ల దాకా ఉంటే మామూలే అంటారు. అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. చిన్న కారులో ఉండేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. పదిహేను రోజుల్లో 18 పోతాయి, సగం ఖాళీ. దానికి తోడు బయట బిగించిన జీపీఎస్ ట్రాకరో, డాష్‌క్యామో, అలారమో ఉంటే ఇంకా తొందరగా అయిపోతుంది. సగం ఛార్జిలో వారాలు గడిస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గడ్డకట్టి రాయవుతుంది. ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పూర్వపు బలం రాదు.

"ఎన్నొద్దులాయె బండి కదిపి?" అని అడిగితే జవాబు సాధారణంగా ఒకటే: "దసరాకు పోయొచ్చినంక మల్ల తియ్యలే. గని రెండొద్దులకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచుతనే." ఈ పది నిమిషాల మీద నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. నిలబడ్డ బండిలో ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు డైనమో ఇచ్చేది తక్కువ, అందులోనూ ఫ్యానుకూ లైట్లకూ పోయేది పోగా మిగిలేది ఇంకా తక్కువ. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జిని నిదానంగా తీసుకుంటుంది, నిండాలంటే గంటలు పడుతుంది. వారానికి ఒకసారి బెల్లంపల్లి దాటించి ఆసిఫాబాద్ రోడ్డు మీద ముప్పావు గంట తిప్పితే ఆ పది నిమిషాలన్నిటికంటే మేలు. అదీ కుదరని వాళ్లు చిన్న ఛార్జర్ ఒకటి కొని నెలకోసారి రాత్రంతా పెట్టడం మంచిది. లాంప్ రూం చేసింది కూడా అదే.

ఇక పలకని బండి దగ్గరకొద్దాం. కారు స్టార్టవడంలో ముగ్గురి పని ఉంది: కరెంటు దాచే బ్యాటరీ, ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటార్, నడుస్తున్నంతసేపూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్, అదే మన మెకానిక్కుల డైనమో. ఎవరు చెడినా కనిపించే ఫలితం ఒకటే కాబట్టి నింద బ్యాటరీ మీద పడుతుంది. చెవి పెట్టి వింటే తేడా దొరుకుతుంది. వెంటవెంటనే టకటకలాడిందంటే కరెంటు చాలడం లేదు. బ్యాటరీ డౌన్ అయి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. ఒకే ఒక్కసారి గట్టిగా "టక్" అని ఆగితే సెల్ఫ్ మోటార్‌నో, దాని సోలనాయిడ్‌నో అనుమానించాలి. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ పళ్లు పట్టడం లేదు. ఏ చప్పుడూ లేదంటే ఫ్యూజు, రిలే, తాళం స్విచ్చి. గేర్ల బండిలో క్లచ్ పూర్తిగా తొక్కారా, ఆటోమేటిక్‌లో లీవర్ పార్కులో ఉందా అన్నదీ చూసుకోవాలి.

హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టి చూడటం తాతల నాటి పరీక్ష, ఇప్పటికీ దీనికి సాటి లేదు. లైటు పూర్తిగా చచ్చిపోతే బ్యాటరీలోనో కనెక్షన్‌లోనో లోపం. లైటు నిండుగా వెలుగుతూ సెల్ఫ్ మాత్రం ఉలక్కపోతే బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు.

ఐదారు వందలకు దొరికే డిజిటల్ మీటర్ ఇంకా నికరంగా చెబుతుంది. రాత్రంతా ఆపిన బండికి పొద్దున మీటర్ పెట్టండి. 12.6 ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగం. 12 అంటే దాదాపు అడుగంటింది. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీటర్ చూస్తే అసలు సత్తా తెలుస్తుంది. సెల్ఫ్ మోటార్ వంద నుంచి రెండు వందల ఆంపియర్లు లాగుతుంది. ఆ లాగుడుకు వోల్టులు 10 దగ్గర నిలబడితే బ్యాటరీ గట్టిది. నిండుగా ఛార్జి చేశాక కూడా 9.6 కిందికి జారితే దాని రోజులు అయిపోయినట్టే. మూతలున్న పాత రకానికైతే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్లులో యాసిడ్ గ్రావిటీ చూడొచ్చు. ఐదు సెల్లులు 1.250 చూపిస్తూ ఒకటి 1.150 దగ్గర కూలబడితే ఆ సెల్లు పోయింది. సీల్డ్ బ్యాటరీ మీది పచ్చ కన్నును మాత్రం పూర్తిగా నమ్మవద్దు. అది చూసేది ఒక్క సెల్లునే. పక్క సెల్లు చచ్చినా కన్ను పచ్చగానే ఉంటుంది.

ఇప్పుడు వైర్ల సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇక్కడ పోయే డబ్బు పూర్తిగా వృథా. మందమర్రి రోడ్ల మీద తిరిగే బండి బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ నెత్తిన సన్నని నల్లటి పొర, బొగ్గు దుమ్ము. బ్యాటరీ ఊపిరిలో వచ్చే యాసిడ్ తేమ దానికి తగిలితే ఆ పొర ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు కరెంటు పాకే దారి అవుతుంది. మీటర్ ఎర్రపుల్లను ప్లస్‌కు ఆనించి, నల్లపుల్లను ప్లాస్టిక్ మూత మీద ఊరికే రాసి చూస్తే మురికి పట్టిన బ్యాటరీలో వోల్టులు కనిపిస్తాయి. ఉట్టి ప్లాస్టిక్ మీద! తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే మాయమవుతాయి.

టెర్మినల్ చుట్టూ తెల్లగా, పచ్చగా పూత పూస్తుంది. పైకి బిగువుగానే కనిపిస్తుంది, చేత్తో తిప్పితే కదలదు. విప్పి చూస్తే క్లాంపు లోపలి ముఖం నల్లబడి ఉంటుంది. మెరవాల్సిన సీసం ఎక్కడో గోరంత చోటే తగులుతోంది. అంత కొద్ది చోటు గుండా నూట యాభై ఆంపియర్లు పోవు. గ్లాసు వేడినీళ్లలో చెంచాడు తినే సోడా కలిపి పోస్తే పూత బుసబుస పొంగి కరుగుతుంది. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాసెలిన్ రాయాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీని ఎవరూ చూడరు. అది కింద ఉంటుంది, బురదకు తుప్పు పడుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టండి. అర వోల్టు దాటిందా, దోషి ఆ దారిలోనే ఉన్నాడు. కొత్త బ్యాటరీ పెడితే రెండు నెలలు నడుస్తుంది, ఎందుకంటే కొత్తది గట్టిగా తోస్తుంది. తర్వాత మళ్లీ మొదటికొస్తుంది.

డైనమో బాగుందో లేదో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా టెర్మినళ్ల మీద వోల్టులు చూస్తే చాలు. 13.8 నుంచి 14.5 లోపు ఉండాలి. 12 దగ్గరే ఉంటే ఛార్జింగ్ ఎక్కడం లేదు: బెల్టు వదులై ఉండొచ్చు, కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు, డయోడ్ పోయి ఉండొచ్చు. 15 దాటితే రెగ్యులేటర్ చెడింది. అప్పుడు బ్యాటరీలో నీళ్లు మరిగిపోతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, డబ్బా ఉబ్బుతుంది. బీఎస్-6 బండ్లలో కొన్నింటికి మాత్రం కంప్యూటరే డైనమోను తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. వాటిలో కాసేపు 13 లోపు కనిపించినా కంగారు పడవద్దు, లైట్లూ ఏసీ వేసి మళ్లీ చూడండి. డైనమో పోయిందనగానే మొత్తం మార్చేయనక్కర్లేదు. ఊళ్లో విప్పి బ్రష్‌లో, బేరింగులో, రెగ్యులేటరో వేసే చేతులు ఇంకా ఉన్నాయి. సెల్ఫ్ మోటార్ బుష్‌లు, బ్రష్‌లు మార్చేదీ వాళ్లే. కొత్తదాని ఖర్చులో చిన్న భాగానికే పని అయిపోతుంది. ఈ విద్యను నిలబెట్టుకోవాలి.

అయితే ఒక పాత అలవాటును మాత్రం వాళ్లతో మాన్పించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసి, "ఆగలే చూడు, డైనమో మంచిగనే ఉన్నది" అంటారు. అంబాసిడర్ కార్లలో నిజంగా డైనమోలే ఉన్న కాలంలో పుట్టిన పరీక్ష ఇది. అప్పుడు బండిలో కంప్యూటర్ లేదు. ఇప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా తప్పుకుంటే ఆల్టర్నేటర్ వోల్టేజీ క్షణంలో ఎన్నో పదుల వోల్టులు ఎగదన్నుతుంది. డయోడ్లు, రెగ్యులేటర్, ఈసీయూ అనే ఆ కంప్యూటర్, ఏదైనా కాలిపోవచ్చు. ఈసీయూ పోతే అది బ్యాటరీ ధర కాదు, దానికి ఎన్నో రెట్లు. మీ బండి మీద ఎవరైనా స్పానర్ వేస్తే ఇంజిన్ ఆపమని గట్టిగా చెప్పండి. మొహమాటపడవద్దు.

దారిలో డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ బొమ్మ వెలిగితే ఛార్జింగ్ ఆగిందని అర్థం. వెంటనే ఇంజిన్ వేడి ముల్లు ఎక్కుతోందా చూడాలి. చాలా బండ్లలో డైనమోనూ నీళ్ల పంపునూ తిప్పేది ఒకే బెల్టు. అది తెగిందంటే పక్కకు ఆపేయాల్సిందే, లేకపోతే ఇంజిన్ పోతుంది. వేడి మామూలుగా ఉంటే ఏసీ, పాటలు ఆపేసి ఎక్కడా ఇంజిన్ ఆపకుండా దగ్గర్లోని దుకాణం చేరుకోవచ్చు. బ్యాటరీలో మిగిలినదాని మీద బండి కొంత దూరం లాగుతుంది.

పక్క బండి నుంచి కేబుల్ వేసి స్టార్ట్ చేసేటప్పుడు చివరి కొక్కెం ఎక్కడ తగిలిస్తున్నారన్నది ప్రాణాలకు సంబంధించిన విషయం. ఎర్రది ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు. ఆఖరి కొస మాత్రం చచ్చిన బ్యాటరీ మైనస్‌కు కాదు, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. ఆఖరి తగులులో నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది. బాయిలో పనిచేసినవాళ్లకు గ్యాసు గురించి నేను చెప్పనక్కర్లేదు. మీథేన్ పేలాలంటే గాలిలో 5 శాతం కావాలి, హైడ్రోజన్‌కు 4 శాతమే చాలు. బాయిలో అగ్గిపెట్టె దగ్గర పెట్టుకోని మనిషి ఇంటి ముందు బ్యాటరీ మీదికి వంగి లైటర్ వెలిగించి నీళ్లు చూడటం నేను చూశాను. చెప్పకుండా ఉండలేకపోతున్నాను: టార్చి వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

బండిని తోసి స్టార్ట్ చేయడం ఆటోమేటిక్ గేర్లలో పనిచేయదు. కొత్త పెట్రోలు కార్లను అలా తోస్తే కాలని ఇంధనం పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేయొచ్చు. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ ఎలక్ట్రిక్ సెల్ఫ్ పెట్టేదాకా డ్రైవర్లు ముందు హ్యాండిల్ కొట్టి, అది ఎదురుతన్నితే మణికట్లు విరగ్గొట్టుకున్నారు. మన అంబాసిడర్లకూ పాత లారీలకూ ఆ హ్యాండిల్ చాలాకాలం సీటు కింద ఉండేది. ఇప్పుడు లేదు గనుక సెల్ఫ్‌నే కాపాడుకోవాలి. ఒకసారి ఐదారు సెకన్లు మించి కొట్టవద్దు, మళ్లీ కొట్టేముందు అర నిమిషం ఆగండి. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకు కూడా తప్పించుకునే దారి లేదు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, బండిని నిద్రలేపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పడిపోతే ఆ కారు తలుపు తీయడం కూడా కష్టమే.

నీళ్లు పోసే రకం ఉన్నవాళ్లు డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు పలకలను తినేస్తాయి. తగ్గింది నీరే కాబట్టి యాసిడ్ పోయకూడదు, పోస్తే రెండు రోజులు చురుగ్గా ఉండి తర్వాత పూర్తిగా పడుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. అరలో ఆరేడు నెలలు నిలబడ్డది అప్పటికే కొంత ముసలిదైనట్టు. బిగించేముందు ఫుల్ ఛార్జి చేయించుకోండి, వారంటీ కార్డు మీద తేదీ వేయించుకోండి.

పాత బ్యాటరీని మాత్రం దుకాణంలోనే ఇచ్చేయండి. అందులో బరువు ఎక్కువగా సీసానిదే, దానికి ధర కట్టి బిల్లులో తగ్గిస్తారు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసినవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కొద్ది డబ్బు ఎక్కువిస్తానన్న తుక్కువాడికి ఇస్తే అది ఏ చెరువు గట్టునో పగిలి, యాసిడ్ మట్టిలోకి, సీసం పొగ గాలిలోకి పోతుంది. సీసం పిల్లల మెదడుకు చేసే హానికి విరుగుడు లేదు. బిల్లు మీద పాత బ్యాటరీ ఇచ్చినట్టు రాయించుకునే ఇంటికి రండి.